రసీదులో లేని మేస్త్రీలు

తచివా నలభై ఒక్క మంది తాపీమేస్త్రీలను ఒక్క పెన్నుతో కొట్టేసిందని వెంచి ఊళ్లో చెప్పుకుంటారు. ట్రోట్రో అనే అద్దె వ్యాన్ల స్టాండులో చెప్పుకుంటారు. శనివారాలు చావు ఇళ్ల దగ్గర ఎర్ర బట్టలు కట్టుకుని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నప్పుడు కూడా చెప్పుకుంటారు. చెప్పేవాడు గాల్లో వేలితో అడ్డగీత గీసి చూపిస్తాడు. "ఇదిగో, ఇలా. ఒక్కొక్క పేరూ. చెయ్యి కాస్తయినా వణకలేదట." అందుకు బదులుగా సిమెంటు కంపెనీ ఆమెకు బండెడు ఇంటికప్పు రేకులు ఇచ్చిందంటారు. మూడు చక్రాల బండి మీద అవి ఆమె ఇంటికి పోతుంటే కళ్లారా చూశామనేవాళ్లు కనీసం పది మంది ఉన్నారు.

తచివాకు యాభై రెండేళ్లు. అందులో పంతొమ్మిదేళ్లు టెచిమాన్ రోడ్డులోని సిమెంటు డిపోలోనే గడిచాయి. భర్త లారీ నడిపేవాడు. పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. పొద్దున్నే గంజి తాగి, తలకు గుడ్డ చుట్టుకుని, ఇనుప వల బిగించిన కౌంటరు వెనక కూర్చునేది. వల మధ్యలో చెయ్యి పట్టేంత కిటికీ. అటు నుంచి మనిషి చెయ్యి వచ్చేది, ఇటు నుంచి రసీదు వెళ్లేది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అవతలివాడు నోరు తెరవక ముందే ఏం కావాలో చెప్పేది, అంతే.

చెప్పగలిగేది కూడా. ఎవరు పునాదులు బాగా వేస్తారో, ఎవరు గిలాబా తప్ప ఇంకేమీ చేయలేరో, ఎవరు చర్చిలు మాత్రమే కడతారో, ఎవరు బావి ఒరలకూ మరుగుదొడ్డి గుంటలకూ తప్ప దేనికీ పనికిరారో ఆమెకు తెలుసు. జీడిపంట డబ్బు చేతికొచ్చిన నెలల్లో ఎవరికి పని తగులుతుందో, వానలు మొదలైతే ఎవరు ఇంట్లో కూర్చుంటారో తెలుసు. మొదటిసారి వచ్చిన మేస్త్రీ బూట్లకు అంటిన మట్టి రంగు చూసి ఏ వాడలో పని పట్టాడో చెప్పేసేది. ఆ మట్టికి ఎంత చువ్వ కావాలో కూడా చెప్పేది. ఇదంతా ఆమె ఎక్కడా రాసుకోలేదు. రాసుకోవాలని ఎవరూ అడగలేదు.

రాసేది రసీదులు ఒక్కటే. అందులో మేస్త్రీ పేరు ఉండేది కాదు.

వెంచిలో ఇల్లు కట్టించుకునేవాడు వెంచిలో ఉండడు. కుమాసిలోనో అక్రాలోనో ఉంటాడు. ఫోనులో డబ్బు పంపిస్తాడు. ఆ డబ్బుతో మేస్త్రీ బస్తాలు కొని, రసీదు ఫొటో తీసి వెంటనే అతనికి పంపిస్తాడు. పైన ఇంటివాడి పేరు కనబడాలి. అది కనబడితేనే సిమెంటు ఇంటివాడిది. అక్కడ మేస్త్రీ పేరు కనబడితే సిమెంటు మేస్త్రీ తిన్నట్టు.

తచివా ఈ సంగతి నేర్చుకోవడానికి ఒక మనిషి బలయ్యాడు. ఆమె కౌంటరులో చేరిన కొత్తలో జాబా అనే మేస్త్రీ అరవై బస్తాలకు వచ్చాడు. నవ్వుతూ పలకరించే మనిషి. కౌంటరుకు కొత్త కాబట్టి, ఎదురుగా నిలబడ్డవాడి పేరే ఆమె రసీదు మీద రాసింది. జాబాకు చదువు రాదు. ఆ కాగితం మడిచి ఇంటివాడి మేనమామకు ఇచ్చాడు. అదే సమయంలో జాబా తన తల్లి ఇంటి వెనక తనకోసం ఒక గది కూడా లేపుకుంటున్నాడు. ఇంకేముంది, పెద్దలను కూర్చోబెట్టారు. రెండు చోట్లా గోడల్లోని సిమెంటు దిమ్మెలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టించారు. లెక్క సరిపోయింది. అయినా ఆ రోజు నుంచి జాబాకు ఎవరూ పని ఇవ్వలేదు. కొన్నాళ్లు కింటాంపో వైపు ఉన్నాడన్నారు, తర్వాత ఆ కబురూ లేదు. పోయేముందు ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త తేలికగా ఉండేది.

అప్పటి నుంచి తచివా చేతిలో ఏ మేస్త్రీ పేరూ రసీదుకెక్కలేదు.

అలాంటి డిపోకు ఫిబ్రవరిలో, దుమ్ముగాలి ఇంకా తగ్గని రోజుల్లో, కంపెనీ పెద్దాఫీసు నుంచి నార్టే అనే కుర్రాడు వచ్చాడు. అక్రావాడు. చొక్కా చేతులు మడుచుకుని, గోడౌనంతా తిరిగి, ఆమె ముందు కాగితాల కట్ట పెట్టాడు. రెండేళ్లలో కొన్న ప్రతి పేరునూ మూడు వరుసల్లో ఏదో ఒకదాంట్లో వేయాలి. మొదటి వరుస, ఇతరుల కోసం కట్టేవాళ్లు. రెండోది, కొని తిరిగి అమ్ముకునే దుకాణాలవాళ్లు. మూడోది, సొంతానికి కొనుక్కునేవాళ్లు.

"అందరికీ ఒకే రకంగా అమ్మితే మిగిలేది లేదమ్మా," అన్నాడు నార్టే. "కట్టేవాడికి ధర తగ్గించాలి, సరుకు పని దగ్గరికే పంపించాలి. దుకాణంవాడికి లారీ నిండా ఇవ్వాలి. ఎవడు ఎవడో తెలియాలి కదా?"

"మూడో వరుసవాళ్లకి?"

"వాళ్లు ఒకసారి ఇల్లు కట్టుకుంటే మళ్లీ ఈ జన్మలో మన మొహం చూడరు. వాళ్ల కోసం కౌంటరు తెరిచి కూర్చోవడం దండగ అంటోంది పెద్దాఫీసు."

తచివా తల ఊపింది. రసీదు పుస్తకాలు దించి, నాలుగు రోజులు కూర్చుని నింపింది. మొదటి వరుసలో ఇద్దరు, టెచిమాన్ కాంట్రాక్టర్లు. ఎప్పుడో ఒకసారి వస్తారు. రెండో వరుసలో ఐదు దుకాణాలు. మూడో వరుసలో వెయ్యీ మూడు వందల పేర్లు, రసీదు మీద ఎలా ఉన్నాయో అలాగే. అబద్ధం ఒక్కటీ రాయలేదు. పూర్తయ్యాక చూసుకుంటే, వెంచిలో ప్రతి మనిషీ తన ఇల్లు తనే కట్టుకుంటున్నట్టుగా ఉంది.

ఏప్రిల్‌లో నార్టే మళ్లీ వచ్చాడు. ఈసారి గోడౌను తిరగలేదు. బల్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, మొదటి వరుసలో ఇరవై మంది లేని డిపోలు జూన్ ఆఖరుకి మూసేస్తారు. మీకు ఇద్దరున్నారు."

ఆమె పెన్ను మూత పెట్టింది, తీసింది.

"నాకొకటి అర్థం కావట్లేదు," అన్నాడతను. "నిన్నటి నుంచి గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. వచ్చినవాళ్లే వస్తున్నారు. కాళ్లకు సిమెంటు, జేబులో కొలత టేపు. వీళ్లు ఇళ్లవాళ్లా?"

"మేస్త్రీలు."

"మరి కాగితంలో ఏరమ్మా?"

తచివా రసీదు పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది, ముక్కలు ముక్కలుగా, జాబా పేరు ఎత్తకుండా. అతను విన్నాడు. మంచివాడే. "పై శుక్రవారం దాకా ఈ కాగితం నా దగ్గరే ఉంచుతాను. ఇరవై పేర్లు రాయండి. పేరు, రెండేళ్లలో ఎన్ని బస్తాలో. చాలు. నేను పోట్లాడతాను," అన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక ఆమె ఇంటికి పోలేదు. లారీ స్టాండు వెనక అమెయాకు దిమ్మెలు పోసే స్థలం ఉంది. నెలకొకసారి మేస్త్రీలు అక్కడే చేరతారు, ఎవరింట్లో చావు పడినా తలో ఇంత వేసుకోవడానికి. అమెయా వాళ్లకు పెద్ద. నలభై దాటలేదు గానీ చేతికింద ఎప్పుడూ ఆరేడుగురు పనివాళ్లుంటారు.

"ఏంటక్కా, చర్చి బట్టలతో మా దుమ్ములోకి వచ్చావు? పాస్టరుగారు చాల్లేదా?" అన్నాడు.

"మీ పేర్లు కావాలి."

"పంతొమ్మిదేళ్లుగా తిడుతున్నావు, పేర్లే తెలియవా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వింది. "కాగితం మీద కావాలి," అంది.

నవ్వు ఆగిపోయింది. ఒకడు లేచి వేరుశనగ పొట్టు దులుపుకున్నాడు. ఆమె నిలబడే చెప్పింది: వరుసలు, ఇరవై మంది, శుక్రవారం, జూన్ ఆఖరు. అంత పెద్ద మాట ఆమె నోట వాళ్లెప్పుడూ వినలేదు. గొంతు చిన్నది కావడంతో వెనకున్నవాళ్లు ముందుకు జరగాల్సి వచ్చింది.

"పేరు పక్కన ఏం రాస్తావు?" అడిగాడు అమెయా.

"ఎన్ని బస్తాలు తీసుకెళ్లావో."

"నావెన్ని?"

"రెండు వేల మూడు వందలు."

ఎవరో ఈల వేశారు. "విన్నార్రా! రెండు వేల మూడు వందల బస్తాల ఆసామీ! మరి అద్దె గదిలో ఎందుకున్నావు అన్నా?"

"అదే అడుగుతారు," అన్నాడు అమెయా. అతను నవ్వలేదు. "నేను ఇప్పుడు కడుతున్నది కుమాసి అదోమా మేడమ్ ఇల్లు. ఆవిడ తమ్ముడు మీ కంపెనీ లారీయే నడుపుతాడు. ఆ కాగితం ఆయన కంటపడితే ఏమంటాడో చెప్పు. 'ఈ మేస్త్రీ పేరు మీద రెండు వేల బస్తాలున్నాయి. అందులో మా అక్కవెన్ని?' అంటాడు. నేనేం చెప్పాలి?"

"పైన ఇంటివాళ్ల పేరు, కింద తెచ్చిన మేస్త్రీ పేరు. రెండూ రాద్దాం. ఇక నుంచి రసీదు కూడా అలాగే."

"పైన వాళ్లు, కింద మేము. పై నుంచి కిందికి వచ్చేలోపు ఎన్ని మాయమయ్యాయి అంటారు."

"డిపో పోతే టెచిమాన్ నుంచి మోసుకు రావాలి, అమెయా. బండి ఖర్చు ఎవరిస్తారు? వానలో రాళ్లైపోయిన బస్తాలకు జవాబు ఎవరు చెబుతారు?"

"మేమే చెబుతాం. రాళ్లైందంటే దురదృష్టం అంటారు. దొంగ అనరు."

ఆమె ఇంకేదో అనబోయింది. అతను ఆమె వైపు చూడకుండా, కాలితో ఇసుక సరిచేస్తూ, మెల్లగా అడిగాడు: "జాబాకు రసీదు రాసింది ఎవరక్కా?"

దిమ్మెల మీద నీళ్లు చల్లుతున్నవాడు చెయ్యి ఆపాడు. తచివా మెడలోని గొలుసును వేళ్లతో పట్టుకుని, కింద తడి సిమెంటులో పడ్డ కోడి అడుగుల గుర్తులు చూస్తూ నిలబడింది.

"నాది రాసుకోవే," అన్నాడు మూలన తిరగేసిన బక్కెట్టు మీద కూర్చున్న చెరెమె. డెబ్బై దాటిన మనిషి. ఆ ఊళ్లో సగం మందికి తాపీ పట్టుకోవడం నేర్పినవాడు.

"తాతా, నువ్వు గోడ కట్టి నాలుగేళ్లయింది. నీ తాపీతో మీ ఆవిడ ఆకుకూర మడిలో కలుపు తీస్తోంది!" అన్నాడొకడు.

"తీయనీరా. పేరు నాదే కదా. నన్నెవడు దొంగంటాడు? అనాలంటే ముందు నాకు పనివ్వాలి."

మళ్లీ నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లో ఆమె బయటికి నడిచింది. వెనక నుంచి ఎవరో "అక్కా, మనసులో పెట్టుకోకు," అని అరిచారు. ఎవరో ఆమె పోల్చుకోలేదు.

ఇంటికి పోయే దారిలోనే జాబా గది. నడుము ఎత్తు దాటిన గోడలు, పైన ఏమీ లేదు. లోపల బొప్పాయి చెట్టు మొలిచి కాయలు కాస్తోంది. రోజూ చూసేదే. ఆ రోజు ఆమె రోడ్డుకు అవతలి పక్క నుంచి నడిచింది.

శుక్రవారం నార్టే పదింటికి వస్తానన్నాడు. తచివా ఏడింటికే డిపో తెరిచింది. తెల్ల కాగితం తీసుకుని, ఎవరినీ అడక్కుండా, ఏ పుస్తకమూ తెరవకుండా రాయడం మొదలుపెట్టింది. అడగడం అయిపోయింది. వాళ్లకు కోపం వస్తే రానీ. డిపో ఉంటే కోపంతోనైనా వస్తారు. పేరు, బస్తాలు, పక్కన చిన్నగా పని: పునాది, గిలాబా, బావి ఒరలు. మొదట అమెయా. చివర చెరెమె, అతను రెండేళ్లలో కొన్నవి రెండే రెండు బస్తాలు, సొంత మరుగుదొడ్డి గట్టుకు. నలభై ఒక్క పేర్లు వచ్చాయి. కాగితం పూర్తయ్యాక ఆమెకు అనిపించింది, ఇన్నేళ్లుగా తన తలలో ఉన్న ఊరు మొదటిసారి బయట కనబడుతోందని. అందంగా ఉంది.

నార్టే వచ్చాడు. కాగితం చూసి, తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అమ్మా! ఇరవై అంటే నలభైయా? దీంతో వాళ్ల నోళ్లు మూయిస్తాను. అసలు కాగితంలోకి ఎక్కించండి, సంతకం పెట్టండి. నేను చల్లగా ఏమైనా తెస్తాను," అని ఎదురుగా ఉన్న కొట్టుకు పోయాడు.

ఆ సమయంలోనే కిటికీలోంచి చెయ్యి వచ్చింది. అమెయా. వెనక నలుగురైదుగురు వరుసలో ఉన్నారు.

"ముప్పై బస్తాలక్కా. ఇంటివాళ్ల పేరు మీద."

ఆమె రసీదు పుస్తకం వెతికింది. కాగితం బల్ల మీదే ఉంది. వలలోంచి అటువైపువాళ్లకు తలకిందులుగా కనబడుతుంది. అమెయా చదువుకున్నవాడు. పై వరుసలో తన పేరు, పక్కన రెండు వేల మూడు వందలు. అతను చూశాడు. అరవలేదు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ చెయ్యి కిటికీలోనే ఉంది, సున్నం తిన్న గోళ్లతో, అరచెయ్యి పైకి పెట్టి.

"అక్కా," అన్నాడు గొంతు తగ్గించి, "నాకు ముగ్గురు పిల్లలు."

అంతే అన్నాడు.

తచివా పెన్ను తీసుకుంది. అమెయా పేరు మీద అడ్డంగా గీత గీసింది. తర్వాత దాని కింది పేరు, తర్వాత దాని కింది పేరు. తొందర లేకుండా, కాగితం చిరగకుండా. వరుసలో వెనకున్నవాళ్లు మెడలు చాచి చూశారు. వాళ్లకు కనబడింది మేస్త్రీల పేర్లు, వాటి మీద నడుస్తున్న పెన్ను. అమెయా రసీదు తీసుకున్నాడు, అదోమా మేడమ్ పేరు ఉందో లేదో చూసుకున్నాడు, ఫొటో తీశాడు, వెళ్లిపోయాడు.

నార్టే రెండు సీసాలతో వచ్చి నిలబడిపోయాడు. "ఏం చేశారమ్మా? ఎందుకు?"

"వీళ్లు కొనరు బాబూ. ఇళ్లవాళ్లు కొంటారు. వీళ్లు తీసుకెళ్తారంతే."

"మీ ఉద్యోగం పోతుందమ్మా."

"తెలుసు."

అతను ఒక సీసా ఆమె ముందు పెట్టి, గీతలు పడ్డ ఆ కాగితాన్ని తన కట్టలో పెట్టుకున్నాడు. సీసా చుట్టూ నీళ్లు కారి బల్ల తడిసింది. ఆమె తాగలేదు.

జూన్ ఆఖరుకి లారీలు వచ్చి గోడౌను ఖాళీ చేశాయి. అంచులు వంగి, తుప్పు మరకలు పడి, ఎవరూ కొనని ఇరవై ఇంటికప్పు రేకులు మిగిలితే, పంతొమ్మిదేళ్ల పనికి గుర్తుగా ఆమెనే తీసుకోమన్నారు. ఆమె వద్దంటే వినడానికి కూడా అక్కడ ఎవరూ ఆగలేదు. ఇప్పుడవి ఆమె ఇంటి గోడకు ఆనించి ఉన్నాయి. గాలి వేస్తే మోగుతాయి.

వానాకాలం నిండా సిమెంటు టెచిమాన్ నుంచి వచ్చింది. బస్తాలు తడిశాయి. చిన్న మేస్త్రీలు ఒక్కొక్కరే తాపీ మూటగట్టి, కాంట్రాక్టర్ల కింద దిమ్మెలు మోసే పనికి పోయారు. ఎందుకిలా అయిందని అడిగినవాళ్లకు ఆ రోజు వరుసలో ఉన్నవాళ్లు చెప్పారు: తచివానే, మన కళ్ల ముందే, పెన్నుతో. అలా మాట పుట్టింది. అమెయాను అడిగితే అవుననడు, కాదనడు. ఫోను చూసుకుంటాడు. దారిలో ఆమె ఎదురైతే టోపీ సర్దుకుంటాడు. ఆమె కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే వాళ్ల పేర్లు చెప్పాలి.

ఉదయాలు కష్టం. ఏడు కొట్టేసరికి తలగుడ్డ చుట్టుకుని సిద్ధమవుతుంది. తర్వాత మంచం అంచున కూర్చుంటుంది. మధ్యాహ్నానికి గుడ్డ విప్పుతుంది. చర్చిలో ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఆకుకూరలు అమ్మే ఆవిడ చిల్లర చేతికివ్వకుండా బుట్ట మీద పెడుతుంది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం చెరెమె కర్ర పట్టుకుని వచ్చాడు. చేతిలో కంపెనీ ముద్ర ఉన్న కవరు.

"ఇది నాకు వచ్చిందే. చదివి పెట్టు."

ఆమె చదివింది. ఇతరుల కోసం కట్టే తమ ముఖ్యమైన కొనుగోలుదారులకు టెచిమాన్‌లో ప్రత్యేక ధర ఇస్తారట. సరుకు పని దగ్గరికే పంపిస్తారట.

"ఎన్ని కొంటే?"

"ఒకేసారి రెండు వందల బస్తాలు."

చెరెమె నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు. తర్వాత ఆ ఉత్తరం మడిచి చొక్కా జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. వాకిట్లో చాలాసేపు కూర్చుని, వెళ్లేముందు అడిగాడు: "అందరివీ కొట్టేశావంటున్నారు. మరి నాకెలా వచ్చింది?"

"నువ్వు రాయమన్నావు కదా," అంది తచివా.

ఆమె కొట్టేసింది నలభై పేర్లే.